బల్ల మీద చోటు

ఆష్‌మియర్ చర్చిలో దక్షిణం వైపు తలుపు పక్కన ఒక బల్ల ఉండేది. దాని మీద ఆరుగురు వితంతువులు కూర్చునేవారు. ఏడో మనిషి కూర్చుంటే బల్ల ఏమీ విరగదు గానీ, ఆనిస్ దొరసాని ఆత్మ ఘోషిస్తుందని ఊరి పెద్దల నమ్మకం. ఆ దొరసాని ఎప్పుడో తాతల తాతల నాడు పోతూ పోతూ, తన పొలం మీద వచ్చే రాబడితో ప్రతి ఆదివారం ఆరుగురు బీద వితంతువులకు తలా ఒక పెద్ద రొట్టె పంచమని రాసి పోయింది. ఊరికే కాదు. వాళ్ళు ప్రార్థనకు ముందే వచ్చి ఊరందరికీ కనిపించేలా ఆ బల్ల మీద కూర్చోవాలి. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే లేచి, ఆవిడ సమాధి ముందు మోకాలు వంచి, ఆ రాతి మీద పేర్చిన రొట్టెల్లోంచి ఒకటి తీసుకోవాలి. నడవడిక బాగుండాలి. ఆదివారం రాకపోతే ఆ వారం రొట్టె లేదు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఇక జన్మలో లేదు. బతికున్నన్నాళ్ళూ ఎవరికైనా పిడికెడు గింజలు పెట్టిందో లేదో తెలియదు గానీ, చచ్చాక తనకు వంగి దండాలు పెట్టేవాళ్ళకు మాత్రం లోటు రాకుండా చూసుకుంది.

థిర్జా ప్రైక్‌కు ఆ బల్ల మీద చోటు దొరికిన రోజున సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. బల్ల మీద కూర్చునే ముసలి పేషెన్స్ చనిపోయి చోటు ఖాళీ అయింది. న్యాయానికి అది ఎదురింటి మెర్సీ హోవెల్‌కు రావాలి. మెర్సీ ముందుగా మొగుణ్ణి పోగొట్టుకుంది, వయసులోనూ పెద్దది. కానీ చర్చి పెద్ద గర్లింగ్ గారింట్లో బట్టలు ఉతికేది థిర్జా. దుప్పట్లు అంత తెల్లగా ఉతికే మనిషి నడవడిక నల్లగా ఎలా ఉంటుందని గర్లింగ్ గారి భార్య అందట. అంతే, చోటు థిర్జాకు వచ్చింది. ఆ మర్నాటి నుంచి మెర్సీ ఆవిడతో మాట మానేసింది. ఇద్దరి గుమ్మాల మధ్య ఒక ఇరుకు సందు. ఇవతల గుమ్మంలో తుమ్మితే అవతల గుమ్మంలో వినపడుతుంది. అంత దగ్గరగా ఉంటూ మాట్లాడకుండా ఉండటం మాటలు కాదు, అయినా ఇద్దరూ పట్టుదలగా సాధించారు.

ఒక్క రొట్టె కోసం ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. అనిపించేది కడుపు నిండినవాళ్ళకు. థిర్జా మొగుడు ఏమోస్ ఎప్పుడు ఇంటికి వస్తాడో, వస్తే చేతిలో ఏమి మిగిల్చుకుని వస్తాడో ఏనాడూ ఆవిడకు తెలియలేదు. గోధుమల ధర మండిపోయిన ఏడాది దురదగొండాకు ఉడకబెట్టి పిల్లకు పెట్టింది. ఆ పిల్ల ఆ చలికాలం దాటలేదు. తరవాత ఏమోస్ పోయాడు. ఆవిడ జీవితంలో చెప్పిన వేళకు, చెప్పినట్టు వచ్చింది ఆదివారం రొట్టె ఒక్కటే. అది ఏనాడూ తాగి ఇంటికి రాలేదు. పొదుపుగా కోసుకుంటే వారమంతా వచ్చేది. దాంతోపాటు క్రిస్మస్‌కు ఒక బస్తా బొగ్గు, ఒక ఉన్ని గౌను. బల్ల మీద కూర్చున్నప్పుడు వెనక గోడకు ఆనించిన వీపు కూడా ఆవిడకు కొత్తగా, నిబ్బరంగా అనిపించేది.

అలాంటి మనిషి జీవితంలోకి జేబెజ్ డీక్స్ వచ్చాడు.

జేబెజ్ దడులు కట్టేవాడు. పొలాల చుట్టూ ముళ్ళ చెట్లను మొదట్లో సగం దాకా నరికి, విరిగిపోకుండా పక్కకు వంచి, ఒకదాన్నొకటి పెనవేసి దడి కట్టేవాడు. సగం నరికిన కొమ్మ చావకుండా మళ్ళీ చిగురుస్తుంది. ఆ పని అందరికీ రాదు. అతని భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. కత్తి జారి ఎడం చేతి చిటికెన వేలు పోయింది. ఆ వేలు ఎక్కడ పోయిందని అడిగితే ప్రతిసారీ ఒక కొత్త కథ చెప్పేవాడు. థిర్జా పెరటి వెనక దడి కట్టడానికి వచ్చినప్పుడు, గర్లింగ్ గారి పందికి అప్పిచ్చానని చెప్పాడు. థిర్జా ఎన్నాళ్ళ తరవాతో గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని తనే ఉలిక్కిపడింది.

ఆ తరవాత అతను పని ముగించుకుని వచ్చేటప్పుడు నరికిన కొమ్మలు ఒక మోపు కట్టి ఆవిడ గుమ్మంలో పడేసి పోయేవాడు. కొన్నాళ్ళకు పడేసి పోవడం మానేసి, పడేసి నిలబడటం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకు కూర్చున్నాడు. వలపు సిగ్గెరుగదంటారు పెద్దలు. ఆష్‌మియర్‌లో వలపుకు సిగ్గు సంగతేమో గానీ భయం మాత్రం బాగా తెలుసు.

కోతలు అయిపోయిన రోజుల్లో ఒక సాయంత్రం జేబెజ్ దడికి అవతల నిలబడి అడిగాడు.

"థిర్జా, ఒక మాటడగనా?"

"వద్దంటే ఊరుకుంటావా ఏంటి?"

"నా ఇంట్లో ఓ పొయ్యి, నీ ఇంట్లో ఓ పొయ్యి. రెండిటికీ పుల్లలు కొట్టుకొచ్చేది నేనే. నడుం పడిపోతోంది. ఒకటి ఆర్పేద్దామా?"

థిర్జా చేతిలో ఉన్న తడిబట్టను పిండుతూనే ఉంది. అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

"ఏది ఆర్పుతావేంటి?" అంది చివరికి.

"నాదే. నాది వట్టి పొగ."

ఆవిడ ఆ బట్టను దులిపి దడి మీద ఆరేసింది. ఆ కాసేపట్లో ఎన్ని రొట్టెలు లెక్కపెట్టుకుందో ఆవిడకే తెలుసు.

"నాకు రొట్టె పోతుంది, జేబెజ్."

"పోతే పోనీ. నేన్లేనా? నా చేతుల్లో పనుంది."

"ఇయ్యాల ఉంది. రేపు నడుం పడిపోతే? పడిపోతోందని నువ్వే అన్నావుగా ఇప్పుడు. కూలీ లేక, రొట్టే లేక ఇద్దరం ఆ ఇంటికి పోతాం. అక్కడ మగాళ్ళో పక్క, ఆడాళ్ళో పక్క. మధ్యలో గోడ. మొగుడూ పెళ్ళాలైనా సరే, మొహం చూడనివ్వరంట. ఆ మాత్రం భాగ్యానికి పెళ్ళెందుకు? ఇప్పుడు మన మధ్యన గోడైనా లేదు, దడేగా. అదీ నువ్వు కట్టిందే."

"దడంటే నరకొచ్చనుకున్నా," అన్నాడు జేబెజ్. నవ్వుతూనే అన్నాడు గానీ మోపు ఎత్తుకుని వెళ్ళేటప్పుడు ఆ రోజు వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఇల్లు అంటే ఊరివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కొత్త చట్టం వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి బీదవాళ్ళ కోసం పట్నం శివార్లలో కట్టిన పెద్ద ఇటుకల భవనం అది. పూర్వం జబ్బు చేస్తే, పని దొరక్కపోతే ఊరే ఏదో ఒకటి ఇంటికి పంపేది. ఇప్పుడు కావాలంటే అక్కడికి పోవాల్సిందే. పిల్లలు అల్లరి చేస్తే తల్లులు దయ్యం పేరు చెప్పడం మానేసి ఆ ఇంటి పేరు చెప్పేవారు.

జేబెజ్ అంత తేలిగ్గా వదలలేదు. టోపీ చేత్తో పట్టుకుని గర్లింగ్ గారి దగ్గరికి వెళ్ళాడు.

"నాకో స్నేహితుడున్నాడండీ," అని మొదలుపెట్టాడు. "వాడు ఓ విధవని చేసుకుందామనుకుంటున్నాడు. ఆవిడేమో బల్ల మీద మనిషి."

"ఆ స్నేహితుడికి ఎడం చేతికి చిటికెనవేలు లేదు కదూ?" అన్నాడు గర్లింగ్.

"ఉండదండీ. చిత్రంగా వాడికీ లేదు."

గర్లింగ్ చెడ్డవాడు కాదు. నవ్వాడు, కూర్చోమన్నాడు, ఒక గ్లాసు బీరు కూడా పోయించాడు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, రొట్టె దగ్గరికి వచ్చేసరికి మొహం గంటు పెట్టుకున్నాడు.

"చూడు జేబెజ్, దొరసాని విధవలకని రాసింది. పెళ్ళయ్యాక విధవెలా అవుతుంది? చచ్చినోళ్ళ మాట నేను మారిస్తే రేపు నేను చచ్చాక నా మాట ఎవడు నిలబెడతాడు?"

"ఆ మహాతల్లి ఏమీ అనుకోదండీ. పోయి ఇన్నేళ్ళైంది, ఈపాటికి మనసు మెత్తబడుంటుంది."

"ఆవిడనుకోదయ్యా. మెర్సీ హోవెల్ అనుకుంటుంది. ఆ బల్ల మీద చోటు కోసం కళ్ళల్లో వత్తులేసుకుని కిటికీలో కూచుంది. పైగా నువ్వు సాయంత్రాలు ఆ ఇంటికి పోతున్నావని నా చెవిన పడింది. నడవడిక అని కూడా ఉంది మరి. నీ స్నేహితుణ్ణి జాగ్రత్తగా మసులుకోమను."

జేబెజ్ ఈ మాటలన్నీ వచ్చి థిర్జాకు చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. మెర్సీ పేరు విన్న దగ్గరనుంచి థిర్జా ప్రాణం కిటికీ మీదే పడింది. మెర్సీ గడ్డిపోచలతో జడలు అల్లేది. టోపీలు కుట్టేవాళ్ళు పట్నం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు. అందరూ అల్లేటప్పుడు చేతులకేసి చూసుకుంటారు. మెర్సీ చేతులు వాటి మానాన అవి అల్లుతుంటే తల మాత్రం సందువైపే తిరిగి ఉండేది. ఎవరు నడిచినా ఆ తల వాళ్ళతో పాటు తిరిగేది. పోలేరమ్మలా కాపలా కూచుందని థిర్జా పళ్ళు నూరుకునేది.

రావద్దని అతనితో చెప్పలేకపోయింది. రమ్మని చెప్పే ధైర్యమూ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆలోచించి ఆలోచించి తనే ఒక కట్టడి చేసింది. జేబెజ్ వచ్చినప్పుడల్లా వీధి తలుపు బార్లా తీసి ఉంచాలి. అతను గడప లోపల ముక్కాలిపీట వేసుకుని, సందులోకి కనిపించేలా కూర్చోవాలి. పొయ్యి దగ్గరికి రాకూడదు.

"తలుపు తీసుంటే ఎవరేమంటారు?" అంది.

"ఎవరూ ఏమీ అనరు. గాలి మాత్రం లోపలికొచ్చి కూచుంటుంది," అన్నాడు జేబెజ్. "పర్లేదులే. దడుల్లో పుట్టి దడుల్లో పెరిగినోణ్ణి."

ఎండ కాసినన్నాళ్ళూ అది బాగానే సాగింది. సందులో పోయేవాళ్ళు ఆగి జేబెజ్‌ను ఆటపట్టించేవారు. "ఏం బాబాయ్, ఇంకా గడప దాటలేదా?" అనేవారు. "రొట్టె ఇంకా కాలలేదురా," అనేవాడు. అతను నవ్వించేవాడు, ఆవిడ నవ్వేది. ఆ నవ్వు ఎదుటి కిటికీకి తగులుతుందని గుర్తొచ్చి మధ్యలో ఆపేసేది. చలికాలంలో కూడా ఆ పద్ధతే నడిచింది. అతను కోటు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చునేవాడు. ఆవిడ పొయ్యి దగ్గరనుంచి వేడి వేడి టీ గిన్నెలో పోసి తెచ్చి, చెయ్యి చాచి ఇచ్చి, వెంటనే వెనక్కి వెళ్ళేది. అలా ఒక ఏడాది పోయింది, ఇంకో ఏడాది పోయింది. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. అలవాటు పడటమే తప్పైన సందర్భాలుంటాయని వాళ్ళకు తట్టలేదు.

ఆ తరవాతి చలికాలం ఎవరూ మరిచిపోలేనిది. వాగులో నీరు అడుగు దాకా గడ్డకట్టింది. కాకులు ఎగురుతూ ఎగురుతూ రాలిపడ్డాయి. నేల గట్టిపడి దడి పని ఆగిపోయింది. జేబెజ్‌కు దగ్గు పట్టుకుంది. మొదట్లో దాని మీద కూడా హాస్యమాడాడు, కుక్క కొనక్కర్లేకుండా దేవుడు మొరుగుడు ఇచ్చాడని. తరవాత ఆ హాస్యం మానేశాడు. అయినా రోజూ వచ్చేవాడు. పుల్లలు తేలేకపోయినా మనిషి వచ్చేవాడు.

ఒక సాయంత్రం మంచు గాలికి అడ్డంగా కొడుతూ గడప లోపలిదాకా తెల్లగా పడుతోంది. జేబెజ్ దగ్గీ దగ్గీ తలుపుచెక్కను పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"థిర్జా. ఈ ఒక్కరోజు మూసేయ్."

అతను ఏనాడూ అడగనివాడు. ఆవిడ లేచి తలుపు దాకా వచ్చింది. చెయ్యి వేసింది కూడా. సందుకు అవతల కిటికీలో దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో మెర్సీ తల సరిగ్గా ఇటే తిరిగి, కదలకుండా ఉంది. రెప్పైనా వేస్తున్నట్టు లేదు. థిర్జా చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"చూస్తోంది," అంది గొంతు తగ్గించి.

జేబెజ్ ఆ కిటికీ వైపు చూశాడు. థిర్జా వైపు చూశాడు. "సరేలే," అన్నాడు. "టీ ఉంటే ఇంకాస్త పొయ్." ఆవిడ పోసి ఇచ్చింది. తన శాలువా తీసి అతని భుజాల మీద కప్పుదామని కూడా అనుకుంది. అలా కప్పితే ఆ కిటికీలోంచి ఎలా కనపడుతుందోనని కప్పలేదు.

వారం తిరక్కుండా జేబెజ్ మంచం పట్టాడు. రెండు రోజులు బయటికి రాకపోతే పక్కింటివాళ్ళు చూసి కబురు పెట్టారు. ఆ ఇంటి తరఫున బీదల వ్యవహారాలు చూసే అధికారి బండి వేసుకుని వచ్చాడు. ఈ ఊరి మనిషి కాదు, ఎవరి మొహమూ తెలియదు. అతని వెంట గర్లింగ్ గారు కూడా వచ్చారు. ఇద్దరు మనుషులు జేబెజ్‌ను గడ్డిపరుపుతో సహా మోసుకొచ్చి బండిలో పడుకోబెట్టారు. జనం పోగయ్యారు. థిర్జా కూడా చేతులు ఏప్రన్‌లో చుట్టుకుని వాళ్ళలో నిలబడింది.

"ఇతనికి సొంతవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు అధికారి. గొంతులో విసుగుంది గానీ కాఠిన్యం లేదు. "భార్యో కూతురో ఉండి చూసుకునేటట్టైతే తీసుకుపోవక్కర్లేదు. ఇంట్లోనే ఉంచి డాక్టర్ని పంపిస్తాం, కసాయి దగ్గర మాంసం ఇచ్చేలా చీటీ రాసిస్తా. ఒంటిగాణ్ణి మాత్రం ఇలా వదిలేసి పోలేను. ఎవరైనా ఉన్నారా?"

ఒకరిద్దరు థిర్జా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. గర్లింగ్ గారు తన బూట్లు చూసుకుంటున్నారు. నేనున్నాను అంటే సరిపోయేది. నేను చేసుకుంటాను, పాదిరీగారికి కబురు చెప్పండి అంటే ఆ ఆదివారమే చర్చిలో పెళ్ళి చాటింపు వేసేవారు. ఆ మాట ఆవిడ గొంతు దాకా వచ్చిందని, ప్రాణం ఉన్నన్నాళ్ళూ ఆవిడ తనకు తాను చెప్పుకుంది. వచ్చిందో లేదో, బయటికి మాత్రం రాలేదు. రొట్టె గురించి ఆలోచించలేదు, నిజానికి ఏమీ ఆలోచించలేదు. ఇన్నేళ్ళూ నోరు మూసుకోవడం అలవాటైన మనిషి నోరు మూసుకుంది.

బండిలోంచి జేబెజ్ తల ఎత్తాడు.

"ఎవరూ లేరండీ," అన్నాడు. "పోనీండి బండి. గుర్రానికి చలేస్తోంది."

థిర్జాకు ఇబ్బంది కలగకూడదనే అన్నాడు ఆ మాట. అది ఆవిడకూ తెలుసు. తెలిసే నిలబడింది.

ఆ రాత్రంతా, ఆ మర్నాడంతా ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసింది. ఆ ఇంట్లో రోగుల్ని చూడనిచ్చేది ఆదివారమే. తెల్లారుతూనే బయల్దేరితే మధ్యాహ్నానికి ముందే చేరవచ్చు. ఆదివారం తెల్లారింది. గౌను వేసుకుంది, బూట్లకు గుడ్డ చుట్టుకుంది, గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు అనుకుంది, రొట్టె తీసుకునే వెళ్తే అతనికి పెట్టవచ్చు కదా అని. అక్కడ పెట్టే గంజి నీళ్ళు అని అందరూ అంటారు. ప్రార్థన అయ్యాక వెళ్తే ఏం మునిగిపోతుంది? తన మనసుకు తను ఇలా సర్దిచెప్పుకుని చర్చికి వెళ్ళి బల్ల మీద కూర్చుంది. ఆ రోజు పాదిరీగారి ప్రసంగం ఎంతకీ తెమలలేదు. సమాధి ముందు మోకాలు వంచి, రొట్టె చంకలో పెట్టుకుని, మంచులో పడుతూ లేస్తూ నడిచింది.

ఆ ఇంటి గేటు దగ్గర కాపలావాడు ఆవిణ్ణి పైనుంచి కిందికి చూశాడు.

"డీక్సా? మధ్యాహ్నం పోయాడే. పొద్దున ఎవరైనా వచ్చారా అని అడుగుతూనే ఉన్నాడంట. నువ్వు ఏమవుతావమ్మా ఆయనకి? చుట్టాలైతేనే లోపలికి పంపించమని ఆర్డరు."

థిర్జా నోరు తెరిచింది. ఈసారి మాట వచ్చింది.

"పొరుగామెని," అంది.

నిజమే చెప్పింది. ఇన్నేళ్ళలో ఇంకేమైనా అయ్యి ఉంటే కదా ఇంకోటి చెప్పడానికి.

బీదవాళ్ళను ఆ ఇంటి వెనకే పాతిపెడతారు, రాయీ ఉండదు, పేరూ ఉండదు. ఆవిడ తిరుగు దారిలో ఒక గట్టు మీద కూలబడి ఏడ్చింది. చీకటి పడుతోంది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. ఏడుస్తూనే రొట్టె తుంచి తింది. ఆకలి రుచెరుగదంటారు, దుఃఖాన్నీ ఎరుగదు. నమిలి మింగుతూ తన మీద తనకు పుట్టిన అసహ్యానికి అంతు లేదు. అయినా ఇంకో ముక్క తుంచుకుంది.

కొన్నాళ్ళు ఇంట్లోనే ముడుచుకుని పడి ఉంది. ఒక సాయంత్రం పొయ్యిలోకి పుల్లలు చూసుకుంటే అయిపోయాయి. తలెత్తితే ఎదురుగా ఆ కిటికీ, ఆ దీపం, ఆ తల. ఇటే తిరిగి ఉంది. థిర్జాకు ఒళ్ళు మండిపోయింది. అందరి మీదా, దొరసాని మీదా, గర్లింగ్ మీదా, అన్నిటికంటే ఎక్కువగా తన మీదా ఉన్న కోపమంతా ఆ తల మీదికి మళ్ళింది. విసురుగా సందు దాటి, తలుపు తట్టకుండా తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆ ఇంట్లో కాలు పెట్టి ఎన్నేళ్ళైందో.

"ఏమే మెర్సీ! కళ్ళు చల్లబడ్డాయా? వాడు పోయాడు. ఇంక చూడ్డానికేమీ లేదు. చోటు కావాలన్నావుగా, తీసుకో. ఆ బల్లా నువ్వే తీసుకో, ఆ రొట్టే నువ్వే తిను!"

మెర్సీ ఉలిక్కిపడి లేచింది. లేచి, థిర్జా ఉన్న వైపు కాక, తలుపు వైపు మొహం పెట్టింది. "ఎవరూ? థిర్జావేనా? గొంతు మారిపోయిందేమే?"

థిర్జా కదలకుండా నిలబడింది. మెర్సీ చెయ్యి గాల్లో తడుముకుంటూ బల్ల అంచును పట్టుకుంది, అక్కడినుంచి కుర్చీని, కుర్చీ మీదినుంచి పిల్లిని దించేసింది.

"కూచో. ఇదిగో, ఇక్కడ."

ఆ కళ్ళు దీపం వెలుగులో తెల్లగా, పాల మీద మీగడ కట్టినట్టు ఉన్నాయి. దీపం ఎదురుగా ఉన్నా రెప్ప పడలేదు.

"మెర్సీ," అంది థిర్జా. "నీకు కనపడట్లేదే."

మెర్సీ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, వెతుక్కుని వెతుక్కుని థిర్జా మణికట్టు పట్టుకుంది.

"చెప్పకే. నీకు పుణ్యముంటుంది, ఎవరికీ చెప్పకు. ఆ ఇంటికి పంపించేస్తారు. మోకాళ్ళ నొప్పులని చెప్పి గోడ పట్టుకుని నెట్టుకొస్తున్నా. అల్లికకి కళ్ళక్కర్లేదు, వేళ్ళకి తెలుసు. సందులో అడుగు చప్పుడైతే చాలు తల అటు తిప్పుతా, చూస్తున్నాననుకుంటారు జనం. దీపం కూడా అందుకే పెడతా."

"ఎన్నాళ్ళయింది?"

"నీకు చోటొచ్చిన ఏడే మసకలు మొదలయ్యాయి. ఆ కోపం మీదే నీతో మాట మానేశా. తర్వాత మాట్లాడదామంటే దగ్గరికొస్తే పసిగడతావని భయం." మెర్సీ గుక్క తిప్పుకుంది. "బల్ల మీద చోటు నాకెందుకే ఇప్పుడు? ఊరందరి ముందూ లేచి, ఆ సమాధి దాకా ఒంటరిగా నడిచి రొట్టె తీసుకోవాలంటే అప్పుడే బయటపడిపోతా. ఇస్తానన్నా పుచ్చుకోను."

థిర్జా కుర్చీలో కూర్చుంది.

మెర్సీ పక్కనే పీట మీద కూలబడి, పట్టుకున్న చెయ్యి వదలకుండా, ఇన్నేళ్ళ మాటలు ఒక్కసారే చెబుతున్నట్టు చెప్పుకుపోయింది.

"జేబెజ్ పోయాడని విని నాకూ మనసు మనసులో లేదే. ఎంత నవ్వించేవాడు. వాడి మాటలు వింటూ ఇక్కడ నేనొక్కదాన్నే నవ్వుకునేదాన్ని. ఆ దగ్గు కూడా వినపడేది పాపం, పక్కనే కూచుని దగ్గినట్టు. మన గోడలు మరీ పల్చన, తలుపులు మూసుకున్నా అన్నీ వినపడతాయి." ఆవిడ థిర్జా చేతిని నెమ్మదిగా నిమిరింది. "ఏదైతేనేం, నీ పొయ్యి పక్కన వెచ్చగా కూచున్నాడు చివరిదాకా. అంత పాడు చలిలో ఒంటిగాడికి ఆమాత్రం దొరకడం అదృష్టమే. ఎండల్లో గడప దగ్గర కూచున్నా, ఆ చలికి తలుపేసుకునే నాలుగు మాటలు చెప్పుకుని ఉంటారు. అంతేగా?"

థిర్జా తన రెండో చేతిని మెర్సీ చేతి మీద వేసింది.

"అంతే," అంది. "తలుపేసుకునే కూచునేవాళ్ళం."